భాషోపాధ్యాయుని మనఃస్వాస్థ్యము: రాళ్లపల్లివారి నిదర్శనము

చంద్రగిరివంటి ఊళ్ల పాఠశాలలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుని మనఃస్థితి విచారణీయము. తొమ్మిది, పది తరగతులకు బోధించుచున్నను రెండవ గ్రేడు భాషాపండితులు స్కూలు అసిస్టెంట్లకంటె చిరకాలము దిగువ హోదాలోనే యుండిరి. ఈ చిన్నతనమునకు ఓర్పే మందని కొందఱందురు. మేమట్లు తలంపము.

చంద్రగిరికి పొరుగుననున్న తిరుపతిలో తమ ఉత్తరవయస్సున కృషిచేసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి జీవితము ఇందుకు నిదర్శనము. వారు 1912 మొదలు 1949 వఱకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. కన్నడసీమలో తెలుగు చెప్పువానికి ఏకాకితనము సహజము. శర్మగారు దానికి లోబడలేదు. బిడారం కృష్ణప్పగారికడ సంగీతము నభ్యసించిరి. ప్రాకృత గాథాసప్తశతీసారమును తెనిగించిరి. 1928లో వేమనపై ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసములందు తీర్పుచెప్పు పండితునికంటె, శిష్యునితో కలసి ఆలోచించు గురువే మాకు కనబడును. తరువాత తిరుపతిలో అన్నమాచార్య కీర్తనల పరిష్కరణకును స్వరరచనకును ఈ సాధనయే పునాది యయ్యెను.

అందఱును రాళ్లపల్లివారు కాజాలరను ఆక్షేపము యథార్థమే. అయినను వారి ప్రతిభను మాత్రమే కొనియాడి ఊరకుండుట పొరపాటు. ఆ ప్రతిభకు చిత్తూరుసీమవారగు కట్టమంచి రామలింగారెడ్డిగారి ప్రోత్సాహమును, ఒకే కళాశాలలో స్థిరమైన కొలువును తోడయ్యెను. కావున ఉపాధ్యాయునకు ఓర్పు నుపదేశించుటకు ముందు, అతనికి చదువుకొనుటకు వేళ చిక్కుచున్నదా యని అడుగవలెను. చదువు మానిన పంతులు పాఠము చెప్పగలడు, అందు సంతోషింపజాలడు.