సియావుష్: ఒక పారసీక నామ పరిశీలన

తెలుగు చదువుకున్నవారికి ఫిరదౌసి కొత్తవాడు కాడు. గుఱ్ఱం జాషువా ‘ఫిరదౌసి’ (1932) చలవవల్ల ఆ మహాకవి దూరదేశపువాడుగా కాక, ప్రభువు మాట తప్పగా మోసపోయిన మన ఇంటి కవిగానే తోస్తాడు. అయితే జాషువా కావ్యానికి వస్తువు కవి జీవితమే గాని, ఆ కవి రాసిన షానామా కాదు. అందుచేత ఫిరదౌసి కష్టం తెలిసిన మనకు, ఆయన 1010లో ముగించిన మహాకావ్యంలోని మనుషులు తెలియరు. తెలిసినవారు మహా అయితే ఇద్దరు: రుస్తుం, సోహ్రాబ్. మూడవ పేరు చెప్పమంటే తడుముకోవలసిందే. అటువంటి మూడవ పేరునొకదాన్ని మేము ఇక్కడ పరిశీలనకు తీసుకుంటున్నాము. అది సియావుష్.

ముందు అర్థం సంగతి. ఈ పేరుకు మనకు దొరికే అతి ప్రాచీన రూపం అవెస్తాలోని ‘స్యావర్షన్’. ఇందులో రెండు మాటలున్నాయి. మొదటిది ‘స్యావ’, అంటే నల్లని. సంస్కృతంలోని ‘శ్యావ’ శబ్దమే ఇది, మన ‘శ్యామ’కు దగ్గరి చుట్టం. రెండవది ‘అర్షన్’, అంటే మగజంతువు, తెలుగులో చెప్పాలంటే పోతు. సంస్కృతంలోని ‘ఋషభ’ శబ్దానికి దీనితో సంబంధం ఉంది. రెండూ కలిస్తే ‘నల్లని మగగుర్రాలు గలవాడు’ అని పండితులు అర్థం చెబుతారు. మధ్య పారసీకంలో ఇది ‘సియావఖ్ష్’ అయింది. తరవాతి పారసీకంలో సియావఖ్ష్, సియావుష్, సియావష్ అని పలు విధాలుగా పలికారు.

సంస్కృతం చదివిన మన విద్యార్థులకు ఇక్కడ చప్పున ఒక పేరు తట్టవచ్చు. ఋగ్వేదం అయిదవ మండలంలో శ్యావాశ్వుడనే ఋషి ఉన్నాడు. మరుత్తులను స్తుతించిన సూక్తాలు ఆయనవి. శ్యావాశ్వుడు అన్నా నల్లగుర్రాలవాడనే అర్థం. అంతమాత్రం చేత శ్యావాశ్వుడూ సియావుషూ ఒకే పేరు అనరాదు. మొదటి పదం ఒకటే. రెండవ పదం అక్కడ ‘అశ్వ’, ఇక్కడ ‘అర్షన్’. ఒకే ఊహను రెండు తోబుట్టు భాషలు వేరువేరు మాటలతో పేరుగా కట్టుకున్నాయనడం సమంజసం. పేర్ల సామ్యం చూడగానే మనుషులను కలిపేసే అలవాటు మన తులనాత్మక వ్యాసాలలో తరచు కనిపిస్తుంది గనుక ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాము.

కాలక్రమాన పారసీకులే ఈ వ్యుత్పత్తిని మరచిపోయారు. ‘సియా’ అంటే నలుపు. ‘వష్’ అంటే పోలినది, చంద్రుని పోలినదానికి ‘మాహ్‌వష్’ అన్నట్టు. కాబట్టి వినేవారికి సియావష్ అంటే ‘నల్లనివాడు’ అని వినిపిస్తుంది. గుర్రం పేరులోంచి జారిపోయింది. కాని కథలోంచి జారిపోలేదు. షానామాలో సియావుష్ ఎక్కే గుర్రం నల్లనిది. దానిని ‘షబ్‌రంగ్’ అంటారు, రాత్రి రంగుది అని. భాష మరచిన అర్థాన్ని కథ జ్ఞాపకం పెట్టుకున్నదన్నమాట.

ఇక ఆ కథ. సియావుష్ ఇరాన్ రాజు కై కావుస్ కొడుకు. (ఈ కావుస్ అవెస్తాలో ‘కవి ఉసన్’. మన పురాణాలలోని ఉశనసుడైన కావ్యునితో, అంటే శుక్రాచార్యులతో, ఈ పేరును పోల్చి చూచిన పండితులున్నారు.) రుస్తుం దగ్గర పెరిగి యువకుడై తండ్రి కొలువుకు వస్తాడు. సవతితల్లి సూదాబే అతన్ని మోహించి, అతడు కాదంటే తనపై అత్యాచారం తలపెట్టాడని నింద వేస్తుంది. నిజం తేలడానికి కట్టెలు రెండు కొండలుగా పేర్చి నిప్పు పెడతారు. సియావుష్ తెల్లని బట్టలు కట్టి, శవానికి పూసినట్టు కర్పూరం పూసుకొని, నల్లగుర్రం మీద ఆ మంటల మధ్యగా దూసుకొని వెళ్ళి చెక్కుచెదరక బయటికి వస్తాడు.

ఇంతవరకు వింటే తెలుగువారికి సారంగధరుడు కళ్ళముందు నిలవక మానడు. పావురం వెంట పోయి చిత్రాంగి మేడలో చిక్కుకున్న రాకుమారుడు, సవతితల్లి నింద, తండ్రి తొందరపాటు. రాజరాజనరేంద్రుని ఇంటి కథగా ఇది ప్రచారంలో ఉన్నా దీనికి చరిత్రలో ఆధారం లేదు. సాహిత్యంలో మాత్రం దీని ప్రయాణం పెద్దది. ఆ ప్రయాణంలో రెండు ముఖ్యమైన మజిలీలు నేటి తెలుగు రాష్ట్రాల వెలుపలివే. తంజావూరులో రఘునాథ నాయకుని కొలువులో చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’ రాశాడు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ‘విషాద సారంగధర’ రాసి ఆడించారు. తంజావూరు, బళ్ళారి ప్రాంతాల విద్యార్థులు ఈ కథను పొరుగూరి కథగా చదవనక్కరలేదు.

అయితే సియావుషును ‘పారసీక సారంగధరుడు’ అని తేల్చేస్తే ఆ కథలో ముందుభాగం మాత్రమే చదివినట్టు. సారంగధరుని కథ నిందతో పుట్టి శిక్షతో ముగుస్తుంది. కాళ్ళూ చేతులూ నరికించినవాడు కన్నతండ్రి. పాత కథలో సిద్ధుని దయవల్ల అవయవాలు తిరిగివస్తాయి; ధర్మవరంవారు దాన్ని విషాదాంతం చేశారు. ఎలా ముగిసినా కథ నడిచేది ఆ ఒక్క నింద మీదే. సియావుష్ కథలో నింద అగ్నిపరీక్షతోనే తీరిపోతుంది. పైగా సూదాబేను చంపించబోయిన తండ్రిని వారించి ఆమె ప్రాణం కాపాడినవాడు సియావుషే. అతని చావు వేరే చోట, వేరే కారణంగా వస్తుంది.

తూరాన్ రాజు అఫ్రాసియాబ్ దండెత్తి వస్తాడు. సియావుష్ సేనలతో ఎదురుపోతాడు. అఫ్రాసియాబ్ పీడకల కని భయపడి సంధి కోరి, నూరుగురిని పూచీగా పంపుతాడు. సియావుష్ మాట ఇస్తాడు. తండ్రికి ఆ సంధి నచ్చదు. పూచీగా వచ్చినవారిని తన దగ్గరికి పంపమని, వాళ్ళ తలలు తీయిస్తానని కబురు పెడతాడు. అసలు కథ ఇక్కడ ఉంది. తండ్రి ఆజ్ఞ ఒకవైపు, ఇచ్చిన మాట ఒకవైపు. సియావుష్ మాటకే కట్టుబడి, పూచీ మనుషులను క్షేమంగా వెనక్కి పంపి, తండ్రి రాజ్యం విడిచి శత్రుదేశమైన తూరాన్‌కే పోతాడు. అక్కడ అఫ్రాసియాబ్ కూతురు ఫరంగీస్‌ను పెళ్ళాడి సియావుష్‌గిర్ద్ అనే నగరం కడతాడు. చివరకు అఫ్రాసియాబ్ తమ్ముడు గర్సీవజ్ ఈర్ష్యతో చెప్పిన చాడీలకు బలి అవుతాడు. అతని నెత్తురు పడినచోట ఒక మొక్క మొలుస్తుంది.

మా దృష్టిలో ఇతనికి మన సాహిత్యంలో దగ్గరివాడు సారంగధరుడు కాదు, హరిశ్చంద్రుడు. పోలిక అక్కడితో ఆగదు. తండ్రి మాట కోసం అడవికి పోయిన రాముడిని కొలిచే మనకు, తండ్రి మాట కాదని పరదేశం పోయిన ఈ రాకుమారుడు చిక్కుప్రశ్న వేస్తాడు. తండ్రి ఆజ్ఞే అధర్మమైనప్పుడు కొడుకు ఏం చేయాలి? సవతితల్లి ఘట్టాన్ని మాత్రమే పోల్చి ఊరుకునే విమర్శకు ఈ ప్రశ్న చేతికందదు.

ఈ మరణం పారసీక జాతి మనసులో ఎంత లోతుగా దిగిందంటే, పదవ శతాబ్దంలో బుఖారా చరిత్ర రాసిన నర్షఖీ అక్కడివారు సియావుష్ కోసం శోకగీతాలు పాడతారని, నౌరోజు నాడు పొద్దుపొడవక ముందే అతని పేర కోడిపుంజును కోస్తారని చెప్పాడు. ఆ సంతాపానికే ‘సవూషూన్’ అనే పేరుంది. సీమీన్ దానిష్వర్ 1969లో తన నవలకు పెట్టిన పేరు అదే. ఇరాన్‌లో ఈ పేరు అరుదైనది కాదు. సియావుష్ కస్రాయీ (1927–1996) ప్రసిద్ధ కవి. పదహారవ శతాబ్దంలో సఫవీ కొలువులో సియావుష్ అనే చిత్రకారుడుండేవాడు, జార్జియా దేశపువాడు. 1582లో ఉస్మానీ సామ్రాజ్యంలో ప్రధానమంత్రి అయిన సియావుష్ పాషా కూడా పుట్టుకతో తురుష్కుడు కాడు. పుట్టిన దేశం విడిచి పరాయి కొలువులో బతికినవారికి ఈ పేరు ఉండడం మాకు ఆసక్తికరంగా తోచింది. ఇంతకంటె దాన్ని సాగదీయము.

అరుదుతనం ఉన్నది మన దేశంలోనే. రుస్తుం, సోహ్రాబ్, జంషీద్, బహ్రాం, ఫిరోజ్ పేర్లు ఇక్కడ పార్సీలలో, ముస్లిములలో విరివిగా వినిపిస్తాయి. సియావుష్ అంతగా వినిపించదు. అకాలమరణం పాలైనవాడి పేరు పెట్టడానికి జంకారనుకుందామా? తండ్రి చేతిలో చచ్చిన సోహ్రాబ్ పేరు పెట్టడానికి ఎవరూ జంకలేదే! సోహ్రాబ్‌కు మాథ్యూ ఆర్నాల్డ్ 1853లో ఇంగ్లీషు కావ్యం రాశాడు, పార్సీ నాటకరంగం తోడైంది, 1963లో హిందీ చిత్రం వచ్చింది. ఆ కథ తెలిసినంతగా సియావుష్ కథ ఇక్కడ తెలియదు. ‘సియా’ అన్న శబ్దం కూడా కొంత అడ్డు పడి ఉంటుందని మా ఊహ. కృష్ణుడు, శ్యాముడు అని ముద్దుగా పిలుచుకునే మనకు నలుపు అశుభం కాదు గాని, పారసీకంలోను ఉర్దూలోను ‘సియా’ చేరిన సమాసాలు దురదృష్టాన్నో అవమానాన్నో చెప్పేవి చాలా ఉన్నాయి.

వింత ఏమంటే, అతని కొడుకు పేరు మన దేశంలో చిరపరిచితం. సియావుష్ మరణించిన తరవాత ఫరంగీస్‌కు పుట్టినవాడు కై ఖుస్రో, తండ్రి పగ తీర్చినవాడు. అవెస్తాలో ఇతడు ‘హఓస్రవహ్’, సంస్కృతంలో చెప్పాలంటే ‘సుశ్రవసుడు’, మంచి కీర్తి గలవాడు. అమీర్ ఖుస్రో (1253–1325) పేరు విననివారు ఎవరు? చచ్చిపోయే ముందు సియావుష్ తన నల్లగుర్రం చెవిలో, ఖుస్రో వచ్చేదాకా ఇంకెవరినీ ఎక్కనివ్వవద్దని చెప్పి విడిచిపెట్టాడట. ఖుస్రో వచ్చాడు, ఎక్కాడు. పేరు విషయంలోనూ అంతే జరిగింది.

మన పార్సీలలో అక్కడక్కడ ‘సియావక్ష్’ అనే పేరు ఉంది. ఇది మధ్య పారసీకపు ‘ఖ్ష్’ను ఇంకా నిలుపుకున్న రూపం. విద్యార్థులు తెలుగులో రాసేటప్పుడు పార్సీల పేరైతే సియావక్ష్ అని, షానామా పాత్ర అయితే సియావుష్ అని రాయడం మేలు. ‘శ్యావుష్’ అని తాలవ్య శకారంతో సంస్కృతీకరించవద్దు.