చేతి పెన్నుల పంపకం

తెలుగునాట చేతి పెన్ను అంటే ముఖ్యంగా ఎబొనైట్ పెన్ను. గంధకం దండిగా కలిపి ఉడికించిన రబ్బరే ఎబొనైట్. కడ్డీలుగా వచ్చే ఈ సరుకును లేత్ మీద తిప్పుతూ చెక్కి, లోపల తొలిచి, మరలు కోసి బారెల్, క్యాప్ తీస్తారు. పాళీ కింద ఉండే నాలుకకు సన్నని గాడి పెడతారు. ఇంకు ఆ గాడి వెంటే పాళీ చీలిక దాకా దిగుతుంది. మెరుగు పెట్టడం కూడా చేతి పనే. ఒకే పనివాడు ఒకే రోజు చేసిన రెండు పెన్నులైనా అచ్చంగా ఒకేలా ఉండవు. చాలాసార్లు ఒకదాని క్యాప్ రెండోదానికి పట్టదు కూడా. కృష్ణా డెల్టాలోని నందివాడలాంటి ఊళ్లో ఇంటిపెద్ద కూడబెట్టిన పెన్నులు పిల్లల చేతికి వచ్చినప్పుడు వాటిని గుత్తగా లెక్కగట్టడం తగదు. ఒక్కో పెన్నుకు ఒక్కో నిర్ణయం కావాలి.

ఈ పనికి మన దగ్గర పెద్ద పేరు రాజమండ్రిది. స్వర్ణకారుడైన కోసూరి వెంకటరత్నం 1932లో అక్కడ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన చేసిన స్వదేశీ పెన్ను వార్ధాలో ఉన్న గాంధీకి చేరింది. దాన్ని వాడి చూసి, బాగుందని 1935 జూలైలో గాంధీ ఉత్తరం రాశారు. గైడర్ పెన్నులూ అదే ఊరివి. కృష్ణా డెల్టాకు స్వదేశీ మాట అప్పటికే పాతది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల 1910 నుంచే చదువుతో పాటు చేతిపనులు నేర్పింది. ఊరి భూముల లెక్క, 1984లో కరణం పదవి రద్దయ్యే దాకా, ఆయన చేతిరాతలోనే నడిచింది. దస్తావేజు లేఖరులు, బడిపంతుళ్లు, గుమాస్తాలు పొద్దస్తమానం రాసేవాళ్లు. పెన్ను వాళ్లకు పనిముట్టు. రాసిన మనిషి ఎవరో, రాసింది ఏమిటో తెలిస్తేనే పాత పెన్ను విలువ పూర్తిగా తెలుస్తుంది.

కాబట్టి ముందు జరగాల్సింది రాతపని. పంపకం ఆ తర్వాతే. ప్రతి పెన్నుకూ దారంతో చీటీ కట్టి, అంకె వేసి, ఒక నోటుబుక్కులో వివరం ఎక్కించాలి: బారెల్ మీద చెక్కిన పేరు, పాళీ మీద ఉన్న అక్షరాలు, ఎవరు ఎక్కడ కొన్నారు, ఏ పనికి వాడారు. సంగతులు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోవాలి. ఫలానా పెన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లేది, ఫలానాది పెళ్లి శుభలేఖల మీద పేర్లు రాయడానికే తీసేది అన్న ఒక్క ముక్క చాలు. ఆ మనిషి చేతిరాత ఉన్న కాగితం ఒకటి పక్కన పెడితే మరీ మంచిది. ఈ పని వదిలేసి పెన్నుల్ని నలుగురికి పంచితే మిగిలేవి నల్లని గొట్టాలే.

తర్వాత సరుకు ఏమిటో గుర్తుపట్టాలి. వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే ఎబొనైట్ గంధకం వాసన కొడుతుంది. సెల్యులాయిడ్ అనే పాతరకం ప్లాస్టిక్ అయితే కర్పూరం వాసన వస్తుంది. సూది కాల్చి గుచ్చి చూసే అలవాటు చాలా ప్రమాదం, ఎందుకంటే సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచకూడదు. పాతబడిన సెల్యులాయిడ్ వదిలే ఆవిర్లు పక్కనున్న లోహాన్ని తినేస్తాయి. ఎబొనైట్ నుంచి వచ్చే గంధకం వెండి క్లిప్పును నల్లబరుస్తుంది. గుడ్డల మధ్య వేసే కలరా ఉండలు ప్లాస్టిక్‌కు చేటు. గాలి ఆడని ప్లాస్టిక్ సంచీలో కట్టి పెట్టడమూ మంచిది కాదు.

నందివాడ గాలి పెన్నులకు అనుకూలం కాదు. చుట్టూ చేపల చెరువులు, పక్కనే కొల్లేరు, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో చెమ్మ. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మండలంలోని ఊళ్లను చుట్టుముట్టాయి. నేల మీద పెట్టిన ట్రంకుపెట్టె ఇక్కడ పనికిరాదు. రేకుల కప్పు కింద అటక కూడా అంతే, వేసవిలో అది మాడిపోతుంది. గోడకు ఆనుకోని బీరువాలో పై అర మేలు. ఎండ తగలకూడదు. వెలుతురు, తేమ కలిసి ఎబొనైట్‌ను గోధుమ రంగులోకి, పాచి రంగులోకి తిప్పుతాయి. ఆ రంగు పోగొట్టాలని పాలిష్ రుద్దితే పై పొరతో పాటు బారెల్ మీద చెక్కిన పేరు కూడా అరిగిపోతుంది. రంగు మారితే మారనివ్వండి. పేరు పోతే తిరిగి రాదు.

కడగడంలో తొందర పనికిరాదు. ఎండిన ఇంకు మరల్లో పట్టేసి ఉంటుంది. పటకారుతో తిప్పితే బారెల్ చిట్లుతుంది. పాళీ ఉన్న చివరను మాత్రం చల్లని నీళ్లలో కాసేపు ఉంచి, తీసి, తుడిచి, మళ్లీ ఉంచాలి. ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. వేడినీళ్లు పోస్తే ఎబొనైట్ రంగు ఒక్కసారిగా పాడవుతుంది. స్పిరిట్ సెల్యులాయిడ్‌ను కరిగిస్తుంది. నీళ్లు తేటగా వచ్చాక మెత్తని గుడ్డ మీద పాళీని కిందికి వంచి నిలబెడితే మిగిలిన ఇంకంతా గుడ్డ పీల్చుకుంటుంది.

బాగైన పెన్నులు వాడకంలోకి రావాలి. వీటిలో చాలావాటిలో ఇంకును ఫిల్లర్‌తో బారెల్‌లోకే పోస్తారు. సగం ఖాళీ అయినప్పుడు ఇవి ఇంకు కక్కడం అందరూ ఎరిగినదే. లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి ఇంకును ముందుకు తోస్తుంది. రోహిణీ కార్తెలో చొక్కా జేబులో పెట్టుకుంటే చెప్పనక్కర్లేదు. బారెల్ నిండుగా ఉంచి, మరలకు కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే బెడద చాలావరకు తీరుతుంది. వాడనప్పుడు ఇంకు ఒంపేసి కడిగిపెట్టాలి. అయితే పాళీ మొన ఏళ్ల తరబడి ఒకే చేతి వాలుకు అరిగి ఉంటుంది. తాతగారి చేతిలో సాఫీగా సాగిన పెన్ను మనవడి చేతిలో గీరుకోవచ్చు. అలాంటి పాళీని అరగదీసి కొత్త చేతికి సరిచేయకూడదు. ఆ అరుగుదల తాతగారి చేతి గుర్తు. దాన్ని అలాగే ఉంచి, రాయడానికి వేరే పెన్ను తీసుకోవాలి. ఇంకు తగలని పెన్నులు మాత్రం నిస్సందేహంగా రాసేవాళ్లకు ఇచ్చెయ్యవచ్చు.

అమ్మకం విషయానికొస్తే, బంగారు పాళీలను కరిగించడానికి ఇవ్వడంకన్నా నష్టం మరొకటి లేదు. 14 క్యారెట్ల పాళీలో బంగారం 58 శాతం పైచిలుకు. పాళీ బరువే చాలా తక్కువ కాబట్టి వచ్చే డబ్బు స్వల్పం, పోయేది మొత్తం పెన్ను. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం చూసుకోవాలి. ఈ చట్టం వందేళ్లు దాటిన వస్తువులను సొంతంగా విదేశాలకు పంపనివ్వదు. 1930ల తర్వాతి పెన్నులకు ఇప్పటికి ఆ ఇబ్బంది లేదు. అదే పెట్టెలో తాతల నాటి గంటం ఉంటే సంగతి వేరు. దాని పిడి ఏనుగు దంతమైతే అమ్మడం కూడా నేరం. విమానంలో వెళ్లే పెన్నులను ఖాళీ చేసి ఇవ్వాలి.

పేరున్న వ్యక్తి రాసిన పెన్నును ఇంట్లో దాచడంకన్నా గ్రంథాలయానికి ఇవ్వడం మేలు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గాంధీ చేతికర్రను పుస్తకాల పక్కనే భద్రపరిచింది. పెన్నును ఆ మనిషి రాతప్రతులున్న చోటికే ఇవ్వాలి. నోటుబుక్కులోని వివరం నకలు చేసి జతపరచి, వస్తువు పేరు రాసిన రసీదు తీసుకోవాలి.

ఇక విరిగినవి. క్యాప్ పోయినవి, నాలుక చిట్లినవి చెత్తలో వెయ్యవద్దు. హైదరాబాదు ఆబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ వంటి పాత దుకాణాల్లో మరమ్మతు ఇంకా నడుస్తోంది. లేత్ పని తెలిసినవాడు పాత బారెల్‌కు కొత్త క్యాప్ కోసి అమర్చగలడు. విరిగిన పెన్ను నాలుక తీసి మరో పెన్నుకు సరిచేయగలడు. అందుకే అలాంటివన్నీ ఒక కవరులో వేసి మరమ్మతు చేసేవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి.