చెన్నపురి పీపుల్స్ పార్కు: ఒక విమర్శ

విక్టోరియా రాణి పాలనాకాలమున ఆంగ్లదేశపు పట్టణములలో జనసామాన్యమునకు విహారభూములు కల్పించు ప్రయత్నము బలపడెను. 1847 లో తెరవబడిన బర్కెన్‌హెడ్ పార్కు అందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆ భావమునకు చెన్నపురిలో రూపమిచ్చినవాడు 1859 లో గవర్నరైన సర్ చార్లెస్ ట్రెవెల్యన్. ఆయన మరుసటి యేడే పదవి కోల్పోయి వెడలిపోయెను గాని, నల్లపట్టణమునకు పడమట ఇంచుమించు 116 ఎకరముల పీపుల్స్ పార్కు నిలిచెను.

ఆ తోటలో 11 కొలనులు, అయిదున్నర మైళ్ళ బాటలు, వాద్యబృందమునకు వేదిక, స్నానశాల ఉండెడివి. 1855 లో ఎడ్వర్డ్ బాల్ఫర్ మ్యూజియములో నెలకొల్పిన జంతుశాలయు పిమ్మట ఇచటికే చేరెను. బండికట్టి షికారు పోవువారికి బాటలు, బ్యాండు వినువారికి వేదిక. నల్లపట్టణపు ఇరుకుసందులలో కాపురముండువానికి వీనితో ఏమి పని? అతనిని, అతని బిడ్డలను రప్పించినది జంతుశాలయే యని నా తలంపు. పేరున నున్న ప్రజ తోట యేర్పాటున అంతగా కానరాదు.

డిసెంబరు చివర జరుగు సంత మాత్రము నిజముగ ప్రజలది. 1886 డిసెంబరు 31 న ఆ సంతలో నిప్పంటుకొని వందలకొలది జనులు మడిసిరి. తోట యెంత విశాలమైనను, పందిళ్ళు, దడులు కట్టి జనమును క్రిక్కిఱియజేసిన చోటు మరల ఇరుకుసందే యగును.

తోట అంచున నున్న విక్టోరియా పబ్లిక్ హాలు మన చరిత్రకు మిక్కిలి సన్నిహితము. 1883 లో దీనికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువులైన ఆనందగజపతి మహారాజుగారు. రూపకల్పన చిషోముది, కట్టినవాడు నంబెరుమాళ్ళు చెట్టి. 1891 లో బళ్ళారి సరసవినోదినీ సభవారు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నేతృత్వమున చెన్నపురికి వచ్చి తెలుగు నాటకములాడిరి. వానిని చూచి ఉత్తేజితుడైన పమ్మల్ సంబంధ మొదలియారు ఆ యేడే సుగుణ విలాస సభను స్థాపించెను. ఆధునిక తమిళ రంగస్థలమునకు ఒక మూలము బళ్ళారి తెలుగువారి ప్రదర్శనమున నున్నదను సంగతి మన సభలలో తఱచుగా వినబడదు, వినబడవలయును.

అయినను ఆ గర్వమున వేరొక విషయమును మఱువరాదు. తోటనేలను కొఱికిన తొలి కట్టడములలో ఈ హాలును ఒకటి. 1900 నాటి మూర్ మార్కెట్టు, 1913 లో పూర్తియైన రిప్పన్ భవనము, పిదప క్రీడారంగము అదే దారి త్రొక్కినవి. ప్రతిదియు ప్రజల పేరనే వచ్చినది గనుక అడ్డుచెప్పుట యెవరికిని సులభము కాకపోయెను. పాతపుస్తకముల అంగళ్ళకు పేరొందిన మూర్ మార్కెట్టు 1985 లో దగ్ధమయ్యెను. ఆ చోట రైల్వేవారి కట్టడము లేచెను. ఆ యేడే వండలూరులో క్రొత్త జంతుశాల తెరవబడెను. ట్రెవెల్యన్ తోటకు మిగిలినవి మై లేడీస్ గార్డెనను ఒక తునక, పార్క్ టౌను, పార్కు స్టేషను అను రెండు పేరులు.