స్వతంత్ర గీతములు – మన మెచ్చుకోలు

ద్వారకానగరు పౌర గ్రంథాలయమున ఒక సాయంకాలము పత్రికలు తిరగవేయుచుండగా మా పూర్వశిష్యుడొకడు వచ్చి ప్రక్కకుర్చీలో కూర్చుండెను. అతడు ఆరు పాటలు తానే వ్రాసి, తానే వరుసలు కట్టి, మిత్రులతో గూడి పాడి, ఒక ఆల్బముగా వెలువరించి నెలదినములైనది. మాకును పంపియుండెను. మేము భోజనానంతరము ఒక చెవి వీధివైపును, ఒక చెవి ఫోనువైపును ఉంచి విని, “చాల బాగున్నవి; వృద్ధిలోనికి రాగలవు” అని వ్రాసి ఊరకుంటిమి. అతడు కొంతసేపు నేలచూపులు చూచి, “ఆరు పాటల్లో ఒక్క తప్పయినా కనబడనేదా మాస్టారూ? నిజంగా విన్నారా?” అని యడిగెను.

పాఠశాలలో ఈ బాలుడే పద్యమున యతి తప్పినప్పుడు ఎఱ్ఱసిరాతో గీటు పెట్టినవారము మేము. ఇప్పుడతడు అప్పుచేసి పాటలు చేయగా, తప్పు వెదకు శ్రమకూడ తీసికొనలేదు. ఆదరమను పేర అలక్ష్యమును పంపితిమి. ఈ వ్యాసమునకు కారణమిదియే.

సినిమాతో నిమిత్తము లేక, పాటకొఱకే పాటగా పుట్టిన వానిని నేటి యువకులు స్వతంత్ర గీతములనుచున్నారు. ఆల్బమను మాటకు పాటలకంటె ముందున్న యర్థములలో నొకటి చిత్రపటముల పుస్తకము. గ్రామఫోను పళ్లెములను అట్టి పుస్తకమువలె కట్టి యమ్మిన కాలమున ఆ పేరు పాటలకు సంక్రమించినది. 1948లో పెద్దపళ్లెము వచ్చి అన్ని పాటలును ఒక్కదానిలోనే యిమిడిన పిదపను పేరు నిలిచినది. ఇప్పుడు పళ్లెమును లేదు, కట్టయును లేదు.

ఈ పాటలు మనకు క్రొత్తవని పలువురు తలచుట పొరపాటు. టంగుటూరి సూర్యకుమారి గళమున “మా తెలుగుతల్లికి” ఇంటింట వినబడినది గ్రామఫోనువలననే. రావు బాలసరస్వతీదేవి, సాలూరు రాజేశ్వరరావుగార్లు పాడిన ప్రైవేటు రికార్డులను మా తండ్రిగారి తరమువారు అరిగిపోవు దాక విన్నారు. కరుణశ్రీ “పుష్పవిలాపము”నకు ఘంటసాల చేసిన ఉపకారము అందఱెఱిగినదే. ఆ తరువాత రేడియో లలితసంగీతము ఆ బాధ్యతను మోసినది. 1963లో మా విశాఖపట్టణమునకును ఆకాశవాణి కేంద్రము వచ్చినది. ఇక ఏ పళ్లెమును, ఏ కేంద్రమును ఆశింపక, పార్వతీపుర ప్రాంతమునుండి నోటినుండి నోటికి వ్యాపించిన వంగపండు ప్రసాదరావు పాటలను స్వతంత్రములు గావనువారెవ్వరు? 2020లో ఆయన గతించునాటికి ఆ పాటలలో కొన్నింటికి కర్త యెవరో తెలియకయే పాడుకొనువారుండిరి.

కావున పాటలకు కొఱత లేదు. కొఱత విమర్శకు. ఒక క్రొత్త ఆల్బము వెలువడినంతనే రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. మిత్రవర్గము అద్భుతమనును. సంగీతసభలకు అలవాటుపడిన పెద్దలు ఒక్క చరణమైనను వినక గోలయందురు. ఈ రెంటికిని భేదము తక్కువ. రెండును పాట వినకుండ చెప్పదగినవే. మూడవదొకటి కలదు: ఎన్ని లక్షలమంది చూచిరో చెప్పి ఊరకుండుట. సంతలో జనము మూగిన దుకాణమున సరకు మంచిదనుటవంటి వాదమిది. మా యింటి యిల్లాలు కూరగాయలను సైత మట్లు కొనదు.

విని చెప్పవలయునన్న, హైదరాబాదు చౌరస్తా బృందమువారి “ఊరెళ్ళిపోతా మామా” అను పాటను దృష్టాంతముగా గైకొందము. గత దశాబ్దాంతమున రామ్ మిరియాల గళమున అది తెలుగుదేశమంతట వ్యాపించినది. దానియందలి మొదటి గుణము, ప్రతిమాటయు వినబడుట. గిటారు పాటను మోయుచున్నదే గాని కప్పివేయుటలేదు. వాద్యములన్నియు తీసివేసినను బావిగట్టున కూర్చుండి పాడుకొనవచ్చును. ఇది పాటకు పెట్టదగిన గట్టిపరీక్ష, అందది నెగ్గినది. పట్టణమున ఇఱుకుగదిలో బ్రదుకు బాలుని బెంగ అందు నిజముగా నున్నది. మా ద్వారకానగరున పోటీపరీక్షల శిక్షణకై వచ్చి, నలుగురైదుగురు చేరి ఒక గదిలో నుండు పిల్లలు ఆ పాట వినుచు మౌనముగా నుండుట మేము చూచితిమి.

అయినను మాకొక సందేహము. ఊరికి పోవుదునన్నవాడు ఏ వీధికి పోవును? మన పల్లెలను విడిచి పట్టణము చేరినవారందఱును కూలికై, చదువుకై మాత్రమే రాలేదు. నూతికడ నిలువనీయని పల్లెనుండి ఊపిరి పీల్చుకొనుటకు వచ్చినవారును కలరు. జాషువ 1941లో “గబ్బిలము”ను వెలువరించి యెన్నియో యేండ్లు గడచినవి. పల్లె యనగా చల్లని నీడ మాత్రమేయని పాడునప్పుడు ఆ రెండవ యాత్రికుడు పాటనుండి జాఱిపోవును. ఒక్క పాటలో సర్వమును ఇముడ్పవలెనని మేమనము. కాని ఈ పాట మెచ్చినవారిలో ఒక్కరైన ఈ ప్రశ్న నడిగినట్లు మాకు కనబడలేదు. విమర్శకుని పని యది కాదా?

ఇట్టి గాయకులు సినిమాకు పోయినపుడు మరొక యాక్షేపణ వచ్చును. రామ్ మిరియాల 2021లో “జాతిరత్నాలు” చిత్రమున పాడెను. మొదట సొంత పాటలతో పేరుపొందిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవతో గూడ 2023లో ఆస్కారు సభలో “నాటు నాటు” పాడెను. స్వాతంత్ర్యము అమ్ముకొనిరని కొందఱనిరి. మేమట్లనజాలము. సొంతపాట అన్నము పెట్టని దేశమున, అన్నము పెట్టుచోటికి పోయినవానిని నిందించుట భోజనము చేసి కూర్చున్నవారికి సులభము.

ఇక కూర్పును గూర్చి. నేడు పాటలను వినిపించు స్పాటిఫై వంటి సంస్థలు ముప్పది సెకండ్లు విన్నగాని దానిని ఒక వినికిడిగా లెక్కింపవు. అందుచేత పల్లవికి ముందుండు ఆలాపన, వాద్యముల మెల్లని ప్రవేశము క్రమముగా అదృశ్యమగుచున్నవి. గడపలో కాలిడకముందే వడ్డనయైపోవుచున్నది. పూర్వమును నిర్బంధము లేకపోలేదు: నిమిషమునకు 78 చుట్లు తిరుగు పళ్లెము ఒక ప్రక్కన మూడు నాలుగు నిమిషములకు మించి పట్టదు. ఆనాటి విద్వాంసులు గంటసేపటి రాగమును ఆ కొలతకు పిండి యిచ్చిరి. నిర్బంధము కళను చంపునని సిద్ధాంతము చేయము. ఆనాటి నిర్బంధము పాట ఎంత పొడవుండవలెనో చెప్పెను. నేటిది వినువాని సహనము ఎంతయో చెప్పుచున్నది. భేద మిదియే.

గొంతును సవరించు యంత్రవిద్య 1997లో వచ్చినది. అపస్వరమును దగ్గఱి స్వరస్థానమునకు అది నెట్టును. పండ్రెండు మెట్లపై నిలిచి పాడు సంగీతమున కది మేలు చేయవచ్చును. మన తోడిలో గాంధారము ఒకచోట నిలుచునది కాదు, ఊగుటయే దాని స్వరూపము. దానిని నిలువబెట్టినచో స్వరము శుద్ధమగును, తోడి పోవును. మా శిష్యుని రెండవ పాటలో ఇట్టి నునుపు రెండుచోట్ల మాకు తగిలినది. లోపము దాచబోయి ప్రాణమును దాచినాడు.

ఈ స్వతంత్ర గీతములలో మాకు వినవచ్చినంతమట్టుకు స్త్రీకంఠములు కొలదియే. 2000 ప్రాంతమున స్మిత “హాయ్ రబ్బా” అను ఆల్బముతో ముందుకు వచ్చినది. తరువాత ఆ త్రోవ ఏల రాజమార్గము కాలేదు? దీనికి యువకులను ప్రశ్నించుటకు ముందు మావంటి సంస్కరణాభిమానులు తమ లెక్క చూచుకొనవలసియున్నది. 1902లో కలకత్తాలో పళ్లెములకు పాడిన గౌహర్‌జాన్ పాట చివర తన పేరు తానే చెప్పెడిది. దక్షిణమునను తొలినాళ్ల రికార్డులకు ధైర్యముగా పాడినవారిలో వంశపారంపర్యముగా సంగీతమే వృత్తిగా గల స్త్రీలు ముఖ్యులు. వేశ్యావృత్తిని నిర్మూలింప మన పెద్దలు చేసిన కృషి న్యాయమైనది; దేవదాసీల సమర్పణమును నిషేధించు 1947 నాటి మద్రాసు చట్టము అవసరమైనది. కాని దురాచారముతోపాటు వారి జావళిని, పదమును, అభినయమును గూడ వీధిలో పాఱవేసితిమి. వీరేశలింగముపంతులుగారిపై మాకుగల భక్తి తక్కువది కాదు. అయినను ముద్దుపళని కావ్యమును గూర్చి ఆయన చేసిన నింద కేవల నీతిదృష్టితో చేసినదనియు, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దానిని పూర్తిపాఠముతో అచ్చువేయించి న్యాయము చేసినదనియు ఒప్పుకొనక తప్పదు. ఆ పుస్తకమును మరుసటి యేడు నిషేధించిరి. 1947దాక ఆ నిషేధము తొలగలేదు. కళను మర్యాద యను ఒక్క తూనికఱాతితో తూచిన ఫలమది. పాడు స్త్రీని గూర్చి యింటిలో మొదట పుట్టు ప్రశ్న నేటికిని ఆమె స్వరమును గూర్చినది కాదు. మా యింటను కాదు; మా కుమార్తె కళాశాలలో బృందముతో పాడుదునన్నప్పుడు మేము మొదట అడిగినది ఎన్నిగంటలకు ఇల్లు చేరెదవని.

మరల మా శిష్యుని వద్దకు వత్తము. ఆ రాత్రి పాటలను దీపమార్పి, రెండుసార్లు వింటిమి. మూడవ పాట 2023 నవంబరులో విశాఖ చేపలరేవున కాలిపోయిన పడవలను గూర్చినది. విషయము గొప్పది, దుఃఖము అతని యింటిది. కాని తాళవాద్యముల మ్రోతలో మొదటి చరణమంతయు మునిగినది. పైగా బోటు అనవలసినచోట నౌకయనియు, సముద్రమనవలసినచోట అంబుధియనియు వాడినాడు. ఆ సంస్కృతము మేము నేర్పినదేయని గుర్తించి సిగ్గుపడితిమి. తెలుగుమాట అచ్చుతో ముగియును. అతడు చివరి యచ్చులను మింగి, పాశ్చాత్యరీతిని మొదటి యక్షరముపై ఊనిక వేయుచున్నాడని గూడ గీటుపెట్టితిమి. ఇవన్నియు కాగితముపై వ్రాసి యిచ్చితిమి.

అతడు నౌకను, అంబుధిని ఒప్పుకొనెను. మద్దెలల మ్రోతను సగమే ఒప్పుకొనెను. అచ్చుల విషయమున మాత్రము తల యడ్డముగా ఊపి, “అది ఇంగ్లీషు పాటలోంచి తేనేదు మాస్టారూ, మా మామ్మ మాట అలాగే ఉంటాది,” అని సముద్రతీరమున కూర్చుండి, వాద్యములేక, ఆ చరణమును పాడి వినిపించెను. రేవులో కేకవేయువారు మాటచివర నిలువరు, గాలి తీసికొనిపోవును. అతని పాట ఆ కేకనుండి పుట్టినది. ఛందోగ్రంథములలో వెదకిన మాకది దొరకదు. ఆ గీటును మేము కొట్టివేసితిమి. తక్కిన రెండింటిని ఉంచితిమి. మొదటి చరణమును మద్దెలలు లేక మరల పాడి పంపెదనని వెళ్లినాడు; వచ్చిన తోడనే, ఈసారి వీధితలుపు వేసికొని వినవలెనని యున్నాము.