తొలినాటి హాలీవుడ్ నేర చిత్రాలు: ప్రాతినిధ్యం, పాత్రధారణ హక్కు

తొలినాటి హాలీవుడ్ నేర చిత్రాల్లోని వైవిధ్యాన్ని చర్చించే విమర్శ సాధారణంగా ఏ సమూహాలు తెరపై కనిపించాయి, ఎంత గౌరవంగా కనిపించాయి అన్న ప్రశ్నల దగ్గర ఆగిపోతుంది. 1930ల చిత్రాల విషయంలో మరో ప్రశ్న కూడా అవసరం: ఎవరి పాత్రను ఎవరు ధరించగలిగారు?

'లిటిల్ సీజర్' (1931)లో ఇటాలియన్ మూలాలున్న రికో పాత్రను బుకారెస్ట్‌లో పుట్టిన యూదు నటుడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ పోషించాడు. 'స్కార్‌ఫేస్' (1932)లో టోనీ కామోంటే పాత్ర యిద్దిష్ నాటకరంగం నుంచి వచ్చిన పాల్ మునికి దక్కింది. 1924 నాటి వలస చట్టం దక్షిణ, తూర్పు ఐరోపాల నుంచి వచ్చేవారి సంఖ్యను తీవ్రంగా కుదించింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆ సమూహాల మనిషి తెరపై కథానాయకుడయ్యాడు. నేరస్థుడు గనుక చివరికి అతనికి మరణం తప్పదు. అయినా కథ సాగేది అతని ఆశతోనే, అతని యాసతోనే.

ఈ స్థానం వివాదరహితం కాదు. సెన్సార్ ఒత్తిళ్ల కారణంగా 'స్కార్‌ఫేస్'లో దర్శకుడు హోవర్డ్ హాక్స్ తీయని సన్నివేశం ఒకటి చేరింది. అందులో పత్రికాధిపతి కార్యాలయానికి వచ్చిన ఒక ఇటాలియన్ పెద్దమనిషి, ముఠాలు తన ప్రజలకు తలవంపులు తెస్తున్నాయని వాపోతాడు. అధికారికంగా సమూహానికి ప్రతినిధి ఇతడే. ప్రేక్షకుని మనసులో నిలిచేది మాత్రం టోనీ. సంజాయిషీగా అతికించిన ప్రాతినిధ్యానికి కథలో ప్రాణం ఉండదనడానికి ఈ సన్నివేశమే నిదర్శనం.

ఐరోపా వలసదారులకు లభించిన ఈ వెసులుబాటు ఆసియా నటులకు లభించలేదు. 1931 నుంచి చైనీస్ డిటెక్టివ్ చార్లీ చాన్‌గా నటించిన వార్నర్ ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు. చాన్ మేధావి, మర్యాదస్థుడు. పాత్రచిత్రణను మాత్రమే కొలిచే విమర్శకు ఇది సానుకూల ఉదాహరణగానే తోస్తుంది. అయితే 1935 నుంచి ఆ చిత్రాల్లో పెద్దకొడుకు పాత్ర ధరించిన కీ ల్యూక్ చైనా సంతతివాడు. కొడుకు పాత్రకు చైనీయుడు సరిపోయాడు. తండ్రి పాత్రకు మాత్రం ఐరోపీయుడు కావలసివచ్చింది. నేర చిత్రాల పరిధి దాటి చూసినా ఇదే అసమానత ఎదురవుతుంది. 'ది గుడ్ ఎర్త్' (1937)లో చైనా రైతుగా నటించినది పాల్ మునియే. అదే చిత్రంలో కథానాయిక పాత్ర ఆశించిన చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు అది దక్కలేదు.

అదే 1937లో పారమౌంట్ సంస్థ తక్కువ వ్యయంతో నిర్మించిన 'డాటర్ ఆఫ్ షాంఘై' ఇందుకు భిన్నంగా నిలుస్తుంది. రాబర్ట్ ఫ్లోరే దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో, మనుషులను అక్రమంగా రవాణా చేసే ముఠా తండ్రిని చంపగా కూతురే నేరపరిశోధనకు పూనుకుంటుంది. ఆ పాత్ర అన్నా మే వాంగ్‌ది. ప్రభుత్వ పరిశోధకుని పాత్ర కొరియన్ అమెరికన్ నటుడు ఫిలిప్ ఆన్‌ది. ముఠా నాయకురాలు సంపన్న శ్వేత మహిళ. నేరం ఎవరిది, చట్టం ఎవరిది అన్న అలవాటైన పంపకం ఇక్కడ తలకిందులైంది. కానీ పరిశోధకుడు కొరియన్ సంతతివాడైనా ధరించినది చైనీస్ అమెరికన్ పాత్రనే. ఆసియా జాతులన్నీ ఒకటేనన్న పరిశ్రమ భావన ఈ మినహాయింపులోనూ తొలగలేదు.

కాబట్టి తెరపై కనిపించిన ముఖాల లెక్క ప్రాతినిధ్యానికి చాలిన కొలమానం కాదు. మునికి ఇటాలియన్‌గా, చైనీయుడిగా మారే స్వేచ్ఛ ఉంది. వాంగ్‌కు చైనీస్ స్త్రీగా ప్రధాన పాత్ర ధరించే అవకాశమే అరుదు. తొలినాటి నేర చిత్రాల వైవిధ్యాన్ని ఈ అంతరంతోనే బేరీజు వేయాలి.