పులి పొద్దు చూసుకుని

జూకి వెళ్దామనుకోగానే ఇంట్లో ముందు తేలేది తిండి సంగతి. పులిహోర కలపాలా, దద్దోజనం చాలా, కార్లో అందరం పడతామా. అవన్నీ ఒక కొలిక్కి వచ్చాక "పదకొండుకల్లా బయల్దేరితే సరిపోతుందిలే" అని ఎవరో ఒకరు అంటారు. ప్రయాణం ఖాయమవుతుంది. నేను ఈ వరసను తిరగేస్తాను. నా లెక్క సింహం నిద్ర దగ్గర మొదలవుతుంది.

సింహం రోజుకి పదహారు నుంచి ఇరవై గంటల దాకా పడుకుని గడుపుతుంది. అది బద్ధకం కాదు. ఉన్న బలమంతా కాసేపటి వేటలో ఖర్చుపెట్టే ఒంటికి ఆ విశ్రాంతి కావాలి. దానికి మన ఎండ తోడైతే ఇక చెట్టు నీడ వదిలి రాదు. మనమేమో నడినెత్తిన సూర్యుడున్నప్పుడు సఫారీ బస్సెక్కి, గడ్డిలో ఒక గోధుమరంగు వీపు చూసి, "ఇంతేనా" అనుకుంటూ దిగుతాం. అక్కడ సింహానిదీ, జూ వాళ్లదీ తప్పు లేదు. వెళ్లిన వేళ తప్పు.

నేనెక్కువగా వెళ్లేది హైదరాబాద్ నెహ్రూ జూకి. 1963 అక్టోబరు 6న జనానికి తలుపులు తెరిచింది. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలు. 1974 నుంచి సింహాల సఫారీ ఉంది. సోమవారం సెలవు. అందుకే నాకు మంగళవారం ఇష్టం. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు అయితే మనుషుల వీపులే చూడాలి. పిల్లల బడి ఒక పూట పోయినా ఫరవాలేదంటాను. ఈ మాట మీద మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. నేను మాత్రం వెనక్కి తగ్గను.

గేటు తీసే వేళకి అక్కడుండాలి. ఆ రోజు సఫారీ నడుస్తోందో లేదో, మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కుని, మిగతా జూ అంతా తర్వాతకి వదిలేసి నేరుగా అటే పోవాలి. కారణముంది. సఫారీలో ఉండే పులులు, సింహాలు రాత్రంతా అక్కడే తిరగవు. సాయంత్రం వాటిని గదుల్లోకి పిలిచి తిండి పెడతారు, పొద్దున్న మళ్లీ వదులుతారు. వదిలిన కాసేపటి వరకూ వాటికి పనుంటుంది. పులి తన హద్దులన్నీ తిరిగి చూసుకుంటుంది. చెట్టు మొదలు వాసన చూసి, పై పెదవి ముడిచి, నోరు కాస్త తెరిచి అలాగే నిలబడిపోతుంది. చూసేవాళ్లకి అది చిరాకు పడుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అంగిట్లో ఉన్న వాసన పట్టే అవయవం దాకా ఆ వాసనను లాక్కుంటోంది. ఈ ఒక్క దృశ్యం దొరికితే టికెట్ డబ్బులు వచ్చేసినట్టే. తల తిప్పినప్పుడు చెవుల వెనక తెల్లటి మచ్చలు చూడమని పిల్లలకి ముందే చెప్పి ఉంచుతాను. సింహాల దగ్గరైతే పొట్ట కింద పొడవునా వేలాడే చర్మం మడత చూడమంటాను. ఆఫ్రికా సింహానికి అది అరుదు, మన గిర్ సింహానికి గుర్తు. మగదాని జూలు పల్చగా ఉండి చెవులు పైకి కనిపిస్తాయి. ఏం చూడాలో తెలిసిన కన్ను బస్సు ఆగిన రెండు నిమిషాల్లోనే బోలెడు పట్టుకుంటుంది.

వేసవిలో తప్పనిసరై ఆలస్యంగా వెళ్తే సింహం మీద ఆశ వదులుకుని పులి కోసం నీటి మడుగు వైపు చూడండి. పులికి నీళ్లంటే ప్రాణం. చాలాసార్లు వెనక్కి నడుచుకుంటూ దిగి, ముఖం తడవకుండా మెడ దాకా మునిగి కూర్చుంటుంది.

బస్సులో అరుపుల గురించి గట్టిగానే చెప్పాలి. కిటికీ ఊచలు కొడతారు, ఈల వేస్తారు, పడుకున్నదాన్ని లేపమని డ్రైవర్ మీద ఒత్తిడి తెస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38జె అనే సెక్షన్ ఉంది. జూలో జంతువులను ఏడిపించడం, వాటికి తిండి పెట్టడం, చెత్త వేయడంతో పాటు చప్పుడు చేసి వాటిని ఇబ్బంది పెట్టడం కూడా దాని ప్రకారం నేరమే. ఇది నేను ఇంట్లో, బయల్దేరే ముందే చెబుతాను. అక్కడికెళ్లాక ఉత్సాహం మీదున్న పిల్లల చెవికి ఏ మాటా ఎక్కదు. ఇబ్బంది చప్పుడుతోనే కాదు, జబ్బుతోనూ వస్తుంది. 2021 వేసవిలో ఈ జూలోనే ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకింది. కోలుకున్నాయి. ఆ సంగతి చెబితే మా మేనల్లుడు "అయితే మనకి జలుబుంటే వెళ్లకూడదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వెళ్లకపోతేనే మేలు అన్నాను.

ఇక మధ్యాహ్నం. అందరూ నీరసపడే ఈ వేళని నేను నిశాచర జంతువుల శాలకి అట్టేపెడతాను. అక్కడ రాత్రీ పగలూ తారుమారు చేసి ఉంచుతారు. మనకి పగలైనప్పుడు లోపల మసక చీకటి, మనకి రాత్రయినప్పుడు వాటికి దీపాలు. బయట సింహం నిద్రపోతుంటే లోపల దేవాంగపిల్లి మేలుకుని ఉంటుంది. కానీ జనం ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి "ఏమీ కనపళ్లేదు" అంటూ పోతారు. ఎండలోంచి వచ్చిన కన్నుకి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. ఒక గోడకి ఆనుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడితే ముందు కొమ్మ కనిపిస్తుంది. ఆ తర్వాత కొమ్మ మీద కదులుతున్నది కనిపిస్తుంది. గుప్పెడంత ఒళ్లు, సన్నటి చేతులు, ముఖమంతా కళ్లే. అడుగు తీసి అడుగు వేయడానికి దానికెంత సేపు పడుతుందో! శేషాచలం అడవుల్లోనూ అది ఉంది. మన ఊళ్ల పక్క అడవుల్లో ఉంటూ మనలో చాలామంది ఎన్నడూ చూడని జంతువు. నాకు ఈ శాల సఫారీ కంటే ఒక మెట్టు ఎక్కువే.

నడకకి ఓపిక లేని పెద్దవాళ్లుంటే బ్యాటరీ బండి ఉంది. మా అత్తయ్యగారిని ఒకసారి అందులో ఊరంతా తిప్పినట్టు తిప్పి, అన్నీ చూశామనుకున్నాం. సాయంత్రం ఏం చూశారండీ అంటే ఆమెకి ఒక్కటీ గుర్తు లేదు. అప్పట్నుంచి ఆమెకో పద్ధతి పెట్టాం. బండి దిగి, నీడలో ఉన్న ఒక్క చోట కూర్చోవడం. నీటిగుర్రం దగ్గర కూర్చుంటారు. మునిగితే అది అయిదు నిమిషాల దాకా లోపలే ఉండగలదు. ఎక్కడ తేలుతుందో ముందే చెప్పాలని మనవలతో పందెం వేస్తారు. ఒక మనిషికి పూటకి నాలుగైదు జంతువులు చాలు. జాబితా అంతకు మించితే కొట్టేయాల్సిందే.

కంటికి కనబడని పని కూడా అక్కడ జరుగుతుంటుంది. మూషిక జింక అని కుందేలంత జింక ఒకటుంది, చీకటి పడ్డాకే తిరుగుతుంది. 2010 ప్రాంతంలో సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అటవీశాఖ, సెంట్రల్ జూ అథారిటీ కలిసి ఈ జూలో వాటి సంతతి పెంచడం మొదలుపెట్టారు. 2017లో వాటిల్లో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. బోనులో పుట్టినవి నల్లమలకి చేరాయి. ఆ పెంపకం జరిగే చోటికి మనల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. అయినా ఆ కథ పిల్లలకి దారిలోనే చెబుతాను. చూసిన పులికీ, చూడని జింకకీ కలిపి మనం టికెట్ కొంటున్నామని వాళ్లకి తెలియాలి.

వచ్చే మంగళవారం మళ్లీ వెళ్తున్నాం. పొద్దున్న సఫారీ, మధ్యాహ్నం చీకటి శాల ఖాయం. మిగిలిన రెండు చోట్లు పిల్లలకి వదిలేశాను. పెద్దవాడు ఖడ్గమృగం అన్నాడు. చిన్నది ఇంకా తేల్చుకోలేదు. సోమవారం రాత్రి దాకా గడువిచ్చాను.