గుర్రమెక్కిన సంగీతం మాస్టారు

1863 ఏప్రిల్ 17 తెల్లవారుజామున, టెన్నెసీలోని లా గ్రేంజ్ ఊరి నుంచి 1,700 మంది రౌతులు దక్షిణానికి కదిలారు. 6వ, 7వ ఇల్లినాయ్ ఆశ్విక పటాలాలు, తోడుగా 2వ అయోవా పటాలం, వెనక బుల్లి ఫిరంగులు. ముందు నడుస్తున్న కల్నల్ బెంజమిన్ గ్రియర్సన్ దగ్గర ఏమున్నాయనుకున్నారు? మడతపెట్టిన మిసిసిపి పటం ఒకటి, ఒక మోర్సింగు! అవును, మన కచేరీల్లో మృదంగం సరసన ఝుమ్మని పలికే ఆ మోర్సింగే. శత్రుసీమలోకి వెళుతున్న సేనాని రొమ్ము జేబులో!

అమెరికా అంతర్యుద్ధానికి ముందు ఆయన ఇల్లినాయ్‌లోని జాక్సన్‌విల్‌లో సంగీతం మాస్టారు, బ్యాండు మేళానికి నాయకుడు. ఎనిమిదేళ్ల వయసులో గుర్రం ముఖాన తన్నింది. కొన్నాళ్లపాటు చూపే పోయింది. ఆనాటి నుంచి గుర్రమంటే సరిపడదు. అంతర్యుద్ధం ఆయన్ని తీసుకెళ్లి తీసుకెళ్లి గుర్రాల దండులోనే పడేసింది. దక్షిణాది చేతిలోని విక్స్‌బర్గ్ కోటకు దిగువన ఉత్తరాది సేనాని గ్రాంట్ సేన మిసిసిపి నది దాటాలి, ఆ వేళకు దక్షిణాది కళ్లు మరో వైపు తిరిగి ఉండాలి. ఆయనకు అప్పజెప్పిన పని అంతే. సైనిక చరిత్రకారులు పీకిన రైలు పట్టాలు లెక్కపెట్టుకోనీండి. మనం ఇటు రండి, ఈ నడకలోని లయ విందాం.

తొలి గమకం ఏప్రిల్ 21న పడింది. ముందు రోజే నీరసించినవాళ్లను 175 మందిని వెనక్కి పంపేశాడు, దండంతా ఇంటిముఖం పట్టిందని దారి పొడుగునా జనం చెప్పుకోవాలని. మర్నాడు కల్నల్ హాచ్ వెంట అయోవా పటాలాన్ని మళ్లించాడు. వానకు నానిన బాట. హాచ్ మనుషులు కొందరు కొంతదూరం దక్షిణానికి పోయి, నలుగురు నలుగురుగా వెనుదిరిగి, వెళ్లిన డెక్కల జాడ మీదే మళ్లిన డెక్కల జాడ పరిచారు. తమ వెంట ఉన్న ఒక్క ఫిరంగినీ నాలుగు చోట్ల తిప్పారు, నాలుగు ఫిరంగులు మళ్లాయని బురదే సాక్ష్యం పలికేలా! ఎంత ముచ్చటైన మోసం! రాగం మొదలెట్టినట్టే మొదలెట్టి, చెవి అటు వాలగానే స్వరం మార్చి మరో రాగంలోకి జారిపోయే గాయకుడి కొంటెతనం కాదూ ఇది! తరుముతున్న దక్షిణాది బార్టో దళం ఆ బురద రాత చదివింది, నమ్మింది, హాచ్ వెనక పడింది. రెండు ఇల్లినాయ్ పటాలాలు మాత్రం చడీచప్పుడూ లేకుండా అడవుల్లోకి సాగిపోయాయి.

24న న్యూటన్ స్టేషన్. దక్షిణాది దుస్తుల్లో ముందు వెళ్లిన వేగులు, పొదల మాటున పొంచిన రౌతులు, ఏమీ ఎరగకుండా కూతవేస్తూ వచ్చిన రెండు రైళ్లు. పట్టుకున్న రైలు పెట్టెలకు నిప్పంటుకుని లోపలి గుండ్లు పేలుతుంటే, దూరాన ఉన్న గ్రియర్సన్ పోరు మొదలైందనుకుని గుర్రాన్ని దౌడు తీయించాడు. అంతటి చెవీ మోసపోయింది!

నాకు అన్నిటికన్నా ప్రియమైనది ఫోర్బ్స్ ఘట్టం. 7వ పటాలంలోని ఒక కంపెనీని, 35 మందిని, కెప్టెన్ ఫోర్బ్స్ నడిపిస్తూ పక్కదారి పట్టాడు. ఎంటర్‌ప్రైజ్ అనే ఊళ్లో తనకన్నా ఎన్నో రెట్లు శత్రు బలగం ఉంటే, తెల్ల జెండా ఎత్తి, దర్జాగా, లొంగిపొమ్మని వాళ్లనే గద్దించాడు! వాళ్లు ఆలోచించుకుంటామన్నారు. ఆ ఆలోచన తెగేలోగా ఇతను మాయం. తిరిగి దండును అందుకోవాలంటే మధ్యలో స్ట్రాంగ్ నది. వెనక దళం వంతెనకు నిప్పు పెట్టబోతున్న క్షణాన అతని ముగ్గురు రౌతులు అరుచుకుంటూ వచ్చి పడ్డారు. సమ మీదికి తీర్మానం వచ్చి వాలినట్టు ఎంత కచ్చితంగా వచ్చారో!

వీరం, హాస్యం, అద్భుతం. కరుణ లేకుండా యుద్ధం ఎక్కడిది? మే 1న టిక్‌ఫా నది మీద వాల్స్ వంతెన దగ్గర గ్రియర్సన్ దండులోని లెఫ్టినెంట్ కల్నల్ బ్లాక్‌బర్న్ ఆగలేకపోయాడు. దూకుడే అతని అందం, అదే అతని మృత్యువు. ఒరిగిన అతణ్ని అక్కడే విడిచి పటాలం కదలక తప్పలేదు.

ఆ తరువాత 28 గంటల్లో 76 మైళ్లు! తిండి లేదు, కునుకు లేదు. జీనుల మీదే మనుషులు జోగుతున్నారు, దారి గుర్రాలకే వదిలేశారు. మే 2న బేటన్ రూజ్ పొలిమేరలో ఆగీ ఆగగానే సైన్యమంతా నేల మీద సోలిపోయింది. ఒక్కడు పడుకోలేదు. నిద్ర ముంచుకొస్తుంటే ఆపుకోవడానికి పక్కనున్న దొరల భవంతిలోకి నడిచి, ఇంటివాళ్లు నిర్ఘాంతపోయి చూస్తుండగా, పియానో ముందు కూర్చున్నాడు! 600 మైళ్ల దుమ్ము పేరుకున్న ఆ వేళ్లు, కళ్లెం పట్టి కాయలు కాసిన ఆ వేళ్లు, మెట్ల మీద పరుగులు తీశాయి! ఏం వాయించాడో ఎందుకు మనకు? ఆహా, వాయించాడు!

ఇంతలో కబురు: పడమటి నుంచి ఎవరో వస్తున్నారని. జీను మీద నిద్రపోయిన ఒక సైనికుణ్ని గుర్రం నేరుగా బేటన్ రూజ్ కాపలాదారుల దగ్గరికి మోసుకుపోయింది. అతని మాట నమ్మలేక చూసిపోదామని వచ్చిన సొంత పక్షమే అది. మాస్టారు చేతిరుమాలు ఊపుకుంటూ ఒంటరిగా ఎదురెళ్లాడు. అప్పటికి రెండు రోజుల కిందటే, ఏప్రిల్ 30న, గ్రాంట్ నది దాటేశాడు.

జాన్ ఫోర్డ్ 1959లో ఈ దండయాత్రను 'ది హార్స్ సోల్జర్స్' సినిమాగా తీసి, నాయకుణ్ని రైలు మార్గాలు వేసే ఇంజనీరుగా మార్చాడు. ఆ పాత్రలో జాన్ వేన్ గుర్రం మీద చూడముచ్చటగానే ఉంటాడు, కాదనను. కానీ ఫోర్డ్ మహాశయా, చేతికందిన సంగీతం మాస్టారిని ఎలా వదులుకోబుద్ధయిందయ్యా మీకు!